ఉపన్యాసం లేకుండా సైన్సు కథ రాయడం ఎలా?

ఫిబ్రవరి దగ్గర పడిందంటే ఇదే ప్రశ్న మళ్లీ మొదలు. 28న జాతీయ సైన్సు దినోత్సవం, బళ్లో ఏదో ఒకటి చెయ్యాలి, "అన్నా, మూఢనమ్మకాల మీద మంచి కథో నాటికో ఉంటే పంపించు" అని టీచర్లు అడుగుతారు. కాలేజీ పిల్లలు అడుగుతారు. ఈ మధ్య అమ్మానాన్నలు కూడా అడుగుతున్నారు, ఎందుకంటే పిల్లలు ఫోన్లో ఏదో చూసి "నాగమణి నిజంగానే ఉందంట" అని వచ్చి చెప్తున్నారు. కథ పంపడం పెద్ద పనేం కాదు. కాకపోతే ఆదోని పిల్లల కోసం రాసింది పులివెందులలో అంత పట్టదు, అక్కడి నమ్మకం వేరు, అక్కడి అవ్వ మాట వేరు. మీ ఊరి కథ మీరు రాసుకుంటేనే అందం. ఎలా రాయాలో చెప్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక హెచ్చరిక. మనకు బాగా అలవాటైన కథ ఒకటుంది. ఊళ్లో దొంగస్వామి, అమాయకపు జనం, పట్నంలో చదువుకుని వచ్చిన కుర్రాడు, చివర్లో స్వామి గడ్డం ఊడిపోవడం, కుర్రాడు మైకు పట్టుకున్నట్టు రెండు పేజీలు మాట్లాడటం. ఇది చదివి ముందునుంచీ నమ్మనివాడు చప్పట్లు కొడతాడు, నమ్మేవాడు "మా స్వామి ఇట్లాంటోడు కాదులే" అనుకుంటాడు. ఆ జనం మాత్రం నేర్చుకున్నదేముంది? నిన్నటిదాకా స్వామి చెప్పింది నమ్మారు, ఈ రోజు కుర్రాడు చెప్పింది నమ్ముతున్నారు. మనం రాయాల్సింది చదివేవాడికి చెయ్యి దురద పెట్టే కథ, అంటే పుస్తకం పక్కన పెట్టి "ఆగు, ఒకసారి చేసి చూద్దాం" అనిపించేది.

కావలసినవి

- ఒకే ఒక్క నమ్మకం. రెండు పెట్టారంటే కథ జాబితా అయిపోతుంది.
- ఆ నమ్మకం ఉన్న ఒక మనిషి. మీకు ఇష్టమైన మనిషై ఉండాలి, ఇది చాలా ముఖ్యం.
- ఇంట్లోనో పొలంలోనో పైసా ఖర్చు లేకుండా చెయ్యగలిగిన ఒక పరీక్ష.
- ఒక నోటుబుక్కు, దాంట్లో పేజీకి నిలువుగా గీసిన ఒక గీత. ఆ గీత ఎందుకో తర్వాత చెప్తాను.
- మొహమాటం లేకుండా "బాగాలేదు" అని ముఖం మీదే చెప్పే ఇద్దరు ముగ్గురు పిల్లలు.

ల్యాబు అక్కర్లేదు. సైన్సు డిగ్రీ కూడా అక్కర్లేదు, కానీ రాసే విషయం తెలిసిన మనిషి ఒకరిని చివర్లో చదివించాలి.

1. పరీక్షకు లొంగే నమ్మకాన్ని ఎంచుకోండి

"దేవుడున్నాడా లేడా" మీద కథ రాయొద్దు. దాన్ని తేల్చే పరీక్ష మీ దగ్గర లేదు, పైగా కథ గొడవగా మారుతుంది. "టెంకాయ చేతిలో పెట్టుకుని నడిస్తే కింద నీళ్లున్న చోట నిలబడుతుంది" అనేది పరీక్షకు లొంగుతుంది. "గ్రహణం పట్టినప్పుడే రోకలి నిలబడుతుంది", ఇది ఇంకా తేలిక. "యాగంటిలో కాకులు వాలవు", ఒక దుర్భిణి, కొంచెం ఓపిక ఉంటే చాలు. "విరాటపర్వం చదివిస్తే వాన పడుతుంది", దీనికి చదివించిన తేదీలూ మండల ఆఫీసులో దొరికే వర్షపాతం లెక్కలూ పక్కపక్కన పెట్టాలి. "గ్రహణం చూసిన గర్భిణికి మొర్రి బిడ్డ పుడతాడు", ఇది కూడా పరీక్షకు లొంగేదే కానీ చాలా జాగ్రత్తగా రాయాలి, ఎందుకంటే మీ కథ వినే పిల్లల్లో ఒకరికి మొర్రి ఉండొచ్చు, ఆ పిల్ల తల్లి ఇన్నేళ్లూ తనను తాను తిట్టుకుంటూ ఉండొచ్చు.

వద్దనేవి కూడా చెప్తాను. పిల్లలు ఇంటికెళ్లి చేసి చూస్తే ప్రమాదం ఉన్నది ఏదీ కథలో పరీక్షగా పెట్టకండి. పీర్ల పండగ నాడు గుండం తొక్కితే కాళ్లు ఎందుకు కాలవో చెప్పడానికి మంచి ఫిజిక్సే ఉంది. బొగ్గు నుంచి వేడి పాదానికి చాలా నెమ్మదిగా పారుతుంది, పాదం ఆనేది కూడా క్షణమే. కానీ మీ కథ చదివి ఏడో తరగతి పిల్లోడు దొడ్లో నిప్పులు పోసుకుంటే? వదిలెయ్యండి. మంటలు పుట్టించే రసాయనాల గారడీ కూడా ఇంతే.

పాము మంత్రం మీద రాయాలనుకుంటే ఒక నియమం ఖచ్చితంగా పాటించండి. కథలో ఎవరినైనా పాము కరిస్తే ఆ మనిషి ఆసుపత్రికి వెళ్లి తీరాలి, 108కి ఫోన్ చెయ్యాలి, యాంటీ వెనమ్ ఎక్కించాలి. తాడు గట్టిగా బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం మీ హీరో చెయ్యకూడదు, విలన్ చేసినా అది తప్పని అదే పేజీలో తెలియాలి. కట్లపాము రాత్రిపూట నిద్రలో కరిస్తే నొప్పి కూడా పెద్దగా ఉండకపోవచ్చు, గాటు కనపడకపోవచ్చు. "నొప్పి లేదు గదా, పొద్దున చూద్దాంలే" అనే డైలాగు ఒకటి సరదాగా రాసినా ప్రాణం మీదికి వస్తుంది.

2. నమ్మేవాళ్ల దగ్గరికి పోయి కూర్చోండి

ఈ మెట్టు చాలామంది ఎగ్గొడతారు. ఇంట్లో కూర్చుని ఊహించి రాస్తే నమ్మేవాడు మీ కథలో ఎప్పుడూ మొద్దులాగానే వస్తాడు.

బోరు పాయింట్ పెట్టే ఆయన్నే తీసుకోండి. పొద్దున్నే ఎండ ముదరకముందు వస్తాడు. చెప్పులు గట్టు మీద విడుస్తాడు. టెంకాయను అరచేతిలో అడ్డంగా, పిలక వేళ్ల వైపు వచ్చేటట్టు పడుకోబెట్టుకుని, చూపు దాని మీదే పెట్టి చేను ఈ మూల నుంచి ఆ మూలకు నడుస్తాడు. ఒకచోట టెంకాయ లేస్తుంది. వెనక్కి వస్తాడు, మళ్లీ అక్కడే లేస్తుంది. కాలి బొటనవేలితో గీత గీసి "ఈడ ఏసుకోప్పా" అంటాడు. ఆయన మోసగాడు కాదు, ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. చేతి కండరాల్లో మనకే తెలియనంత చిన్న కదలిక వస్తుంది, మనసు ఎక్కడ నీళ్లుంటాయని అనుకుంటుందో అక్కడ చెయ్యి వంగుతుంది, పట్టుకున్నవాడికి మాత్రం టెంకాయ తనంతట తానే లేచినట్టు ఉంటుంది. ఆయనే మొదట నమ్ముతాడు. పుట్టలు, చెట్లు, పక్క చేలో ఎక్కడ నీళ్లు పడ్డాయి, ఇవన్నీ ఏళ్లతరబడి చూసిన కన్ను కూడా ఆయనది.

రైతు ఎందుకు పిలుస్తాడో కూడా అడగండి. అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు, కింద చూస్తే గట్టి బండ, ఆ బండలో పగుళ్లున్న చోటే నీళ్లు. బోరు బండివాడికి అడుగు లెక్కన డబ్బులు. వందల అడుగులు దిగినా తెల్లటి దుమ్ము తప్ప ఏం రాకపోతే ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరూ అన్నం తినరు. అంత టెన్షన్‌లో ఉన్న మనిషికి "ఇక్కడే" అని వేలు పెట్టి చూపించే మాట ఎంత అవసరమో మీకు అర్థమైతేనే కథ రాయండి.

అడగాల్సిన ప్రశ్న ఒకటే: "నీళ్లు పడకపోతే ఏమంటారు?" జవాబులన్నీ మీ నోటుబుక్కులో రాసుకోండి. "బండ అడ్డమొచ్చింది." "ఇంకో యాభై అడుగులు పోయింటే పడుండు." "బోరు వంకర దిగింది." "టెంకాయ పట్టినోడిది ఓ పాజిటివ్ రక్తం కాదంట." ఇవే మీ కథకు బంగారం, మీరు కూర్చుని ఊహిస్తే ఇలాంటివి రావు.

3. కథకు ముందు పరీక్ష రాయండి

ఇప్పుడు ఆ గీత గీసిన పేజీ తియ్యండి. ఎడమవైపు "నమ్మకం నిజమైతే ఏం కనపడాలి", కుడివైపు "కాకపోతే ఏం కనపడాలి". రెండు వైపులా ఒకటే రాయాల్సి వస్తే మీ పరీక్ష పనికిరాదు, మార్చండి.

టెంకాయకు నేను చెప్పే పరీక్ష ఇది. ఆయన పాయింట్ పెట్టిన చోట ముగ్గుపిండితో చిన్న గుర్తు వెయ్యండి, దాని మీద మన్ను కప్పండి. కళ్లకు గంతలు కట్టి, చేనంతా తిప్పి, వేరే మూల నుంచి మళ్లీ నడిపించండి. నీళ్లే టెంకాయను లేపుతుంటే గంతలున్నా అదే చోట లేవాలి. మనసే లేపుతుంటే ఎక్కడంటే అక్కడ లేస్తుంది. గంతలు కట్టకముందే ఆయన్ను "ఇది న్యాయమేనా?" అని అడిగి ఒప్పించాలి, ఈ ఒప్పందం సీను కథలో తప్పకుండా ఉండాలి. తర్వాత సాకులు చెప్పే దారి ముందే మూసుకుపోతుంది, చదివేవాడికి ఉత్కంఠ కూడా పెరుగుతుంది. 1990లో జర్మనీలోని కాసెల్ ఊళ్లో ఇలాంటిదే పెద్ద ఎత్తున చేశారు. నీళ్ల జాడ చెప్పగలమన్న 30 మందిని పిలిచి, భూమిలో అర మీటరు లోతున పైపు పాతి, నీళ్లు వదులుతూ ఆపుతూ ఇప్పుడు పారుతున్నాయా లేదా చెప్పమన్నారు. నియమాలకు అందరూ ముందే ఒప్పుకున్నారు. చివరికి వచ్చిన జవాబులు బొమ్మాబొరుసు వేసి చెప్పినదానికంటే మెరుగ్గా లేవు. ఇది మీకు తెలిసి ఉండటానికి చెప్తున్నాను, కథలో పెట్టకండి. జర్మనీ పేరు ఎత్తగానే మన చేను మాయమైపోతుంది.

ఇంట్లో చెయ్యగలిగినదైతే రాసేముందు మీరే చెయ్యండి. రోకలి సంగతే చూడండి. గ్రహణం లేని ఏదో ఒక మంగళవారం పూట చదునైన నేల మీద పళ్లెం పెట్టి నీళ్లు పోసి, రోకలిని పొన్ను వైపు కిందికి పెట్టి రెండు చేతులతో నిటారుగా పట్టుకోండి. బరువు ఎటు లాగుతుందో అరచేతికి తెలుస్తుంది. అటూ ఇటూ వెంట్రుకవాసి జరుపుతూ, లాగుడు ఆగిందనిపించిన చోట ఒక్కో వేలు వదలండి. మొదట రెండు మూడుసార్లు పడుతుంది, కాళ్లు దూరంగా పెట్టుకోండి. తర్వాత నిలబడుతుంది. అడుగు అరిగి గుండ్రంగా అయిన రోకలైతే గ్రహణం నాడు కూడా నిలబడదు, వేరే రోకలి తీసుకోండి. పళ్లెంలో నీళ్ల వల్ల వచ్చేదేమీ లేదు, తీసేసి కూడా చూడండి. ఇదంతా మీ చేత్తో చేశాక రాస్తే, "ఒక్కో వేలు వదిలింది" లాంటి వాక్యం దానంతటదే వస్తుంది.

4. నమ్మకం తరఫున మంచి లాయర్ని పెట్టండి

నమ్మేవాళ్ల వాదన మీకు చేతనైనంత బలంగా రాయండి. వీలైతే మీ హీరో కాసేపు ఓడిపోవాలి. ఉదాహరణకు:

"గ్రహణం నాడు నిలబడింది గదమ్మీ. నీ కండ్లతో నువ్వే చూసినావు."

"చూసినాను అవ్వా. మరి నిన్న నిలబెట్టి చూసినావా?"

"నిన్న ఏమిటికి నిలబెడతా? నిన్న గ్రహణం లేదు గదా."

ఇక్కడ ఆపెయ్యండి. "అవ్వ మాటలోని లోపం లక్ష్మికి అర్థమైంది" అని రాశారో, చచ్చింది. అవ్వ చెప్పింది అవ్వ లెక్కలో నూటికి నూరుపాళ్లు సరైన మాట. దాంట్లో ఏం తప్పిపోయిందో చదివే పిల్లకు ఒక నిమిషం తర్వాత తడుతుంది. ఆ నిమిషాన్ని మీరు లాక్కోకండి.

మాట విషయం కూడా ఇక్కడే చెప్తాను. అవ్వ అవ్వలాగే మాట్లాడాలి, జేజి జేజిలాగే. సీమ మాటను నమ్మేవాళ్ల నోట్లోనూ పుస్తకాల తెలుగును హేతువాది నోట్లోనూ పెట్టడం పాత జబ్బు. మన యాస మాట్లాడేవాడికి బుద్ధి లేదని చెప్పకుండా చెప్పినట్టే అవుతుంది. ప్రశ్న అడిగే పిల్ల కూడా "ఏమిటికి?" అనే అడగనీ.

5. ఆధారాలు పాఠకుడి ముందే పరచండి

డిటెక్టివ్ కథకు ఉన్న నియమమే దీనికీ. చివర్లో జేబులోంచి తీసిన ఆధారంతో కేసు గెలవకూడదు. హీరోకు కనపడిన ప్రతిదీ చదివేవాడికి కూడా కనపడాలి, వీలైతే ఒక పేజీ ముందే.

మన దగ్గర దీనికి బాగా కుదిరే విషయం ఫ్లోరైడు నీళ్లు. ఒక ఊరు అనుకోండి. పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు, పెద్దవాళ్లలో కొందరికి నడుం వంగిపోయి ఉంటుంది. కాలనీ కట్టేటప్పుడు గ్రామదేవత రాయి జరిపారు, అందుకే శాపం తగిలిందని ఊరంతా అనుకుంటుంది. ఇప్పుడు ఆధారాలు ఒక్కొక్కటిగా చల్లండి. ఎక్కడా నొక్కి చెప్పొద్దు. పెళ్లి సీనులో కొత్తకోడలు నవ్వితే పళ్లు తెల్లగా మెరుస్తాయి. పదేళ్ల కిందట కోడలుగా వచ్చినామెకు కూడా పళ్లు తెల్లగానే ఉన్నాయి, ఆమె కొడుక్కి మాత్రం చారలు. నమ్మేవాళ్ల లాయరు లేచి "వాళ్లు వేరే ఊరి రక్తం, శాపం ఈ ఊరి వంశాలకే" అంటాడు. గట్టి వాదనే! చదివేవాడు కూడా తల ఊపుతాడు. అప్పుడు సెలవులకు ఒక పిల్లోడు వస్తాడు, ఈ ఊరి వంశమే, ఈ ఊళ్లోనే పుట్టాడు, కానీ ఏడాది నిండకముందే ప్రొద్దుటూరులో మేనమామ ఇంటికి పోయి అక్కడే పెరిగాడు. వాడి పళ్లు తెల్లగా ఉన్నాయి.

శాపం వంశానిదైతే వీడికి చారలుండాలి. దీనికి వెనకున్న సైన్సు ఇంతే: చిన్నతనంలో పంటి పైపొర తయారయ్యే వయసులో ఫ్లోరైడు ఎక్కువున్న నీళ్లు తాగితేనే పళ్ల మీద చారలు వస్తాయి, పెద్దయ్యాక వచ్చినవాళ్లకు పళ్లు మారవు, ఎముకల బాధ మాత్రం వాళ్లకూ రావొచ్చు. నీళ్లలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఈ అంకె కథలో ఒక్కచోట, నీళ్లు పరీక్ష చేయించిన కాగితం మీద కనపడితే చాలు.

ఇంకో మంచి మలుపు ఉంది. ఎవరో ఒకరు "అయితే కాచి తాగుదాం" అంటారు. ఫ్లోరైడు కాస్తే పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. అర్థం చేసుకున్నామని అనుకున్నవాళ్లు కూడా మళ్లీ వెనక్కి రావాల్సి వస్తుంది, కథకు ఇది చాలా మంచిది.

6. హీరోను ఒకసారి పొరబడనివ్వండి

అదే కథలో పిల్లలు మొదట వేరే కారణం అనుకోవాలి. బొగ్గుతో తోముకోవడం వల్ల గార పట్టిందేమో అని. ఇంటింటికీ తిరిగి రాసుకుంటే పేస్టుతో తోముకునేవాళ్లకూ చారలున్నాయి. "మనం అనుకుంది కాదురా" అని ఒక పిల్ల ఆ కాలమ్ కొట్టేసే సీను రాయండి. అవ్వ తన నమ్మకం మార్చుకోవాలని మనం కోరుకుంటున్నప్పుడు, ముందు మన హీరో మార్చుకుని చూపించాలి కదా. నా దృష్టిలో ఈ ఒక్క సీను మిగతా కథంత విలువైనది, కానీ వచ్చే కథల్లో ఎక్కువగా లేనిది కూడా ఇదే.

7. ముగింపులో ఎవరినీ మోకాళ్ల మీద కూర్చోబెట్టకండి

టెంకాయ ఆయన ఓడిపోయి ఊరి ముందు తలదించుకునే ముగింపు రాయొద్దు. గంతలు విప్పాక ఆయన గుర్తు వైపు చూస్తాడు, ఏమీ అనడు, లేదా "ఇంకోసారి పోదాం" అంటాడు. పోనివ్వండి.

పైగా పరీక్ష అయిపోయినంత మాత్రాన రైతుకు నీళ్లు రావు. ఈ మాట దాచకండి. జియాలజిస్టు మిషను పెట్టి చూసిన పాయింటు కూడా కొన్నిసార్లు ఫెయిలవుతుంది. అందుకని నేనైతే కథను వేరే వైపు తిప్పుతాను. హీరో ఊళ్లో వేసిన బోర్లన్నీ రాయడం మొదలుపెడతాడు, ఎవరు పాయింట్ పెట్టారు, ఎన్నడుగులు, నీళ్లు పడ్డాయా లేదా. నీళ్లు పడిన బోరు గురించి అందరూ చెప్తారు, మోటారు మోత కూడా వినపడుతుంది. పడని బోరు మీద ఒక రాయి కప్పి ఉంటుంది, దాని గురించి అడిగితే ఇంటాయన మాట మారుస్తాడు. ఆ రాళ్లను వెతికి లెక్కపెట్టే పిల్లోడి కథ, టెంకాయ ఓడిపోయే కథకంటే వంద రెట్లు బాగుంటుంది.

ఈ లెక్కలోకి రానివాటి సంగతి పట్టుకుంటే మీకు కథలకు కొదవ ఉండదు. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి, వజ్రకరూరు చేలల్లో వజ్రాల కోసం జనం వెతుకుతారు చూడండి, దొరికినవాడు టీవీలో వస్తాడు, వారం రోజులు ఎండలో వంగి వంగి ఉత్తచేతులతో బస్సెక్కినవాడి దగ్గరికి మైకు పోదు. పాము మంత్రం కూడా అంతే. మన చుట్టూ తిరిగే పాముల్లో చాలావరకు విషం లేనివే, విషపు పాము కూడా కరిచిన ప్రతిసారీ విషం వదలదు. అలా బతికినవాళ్లందరూ మంత్రగాడి ఖాతాలో పడతారు.

8. పైకి చదవండి, కోసెయ్యండి

రాసింది పిల్లలకు పైకి చదివి వినిపించండి. వాళ్లు విసుగ్గా అటూ ఇటూ కదిలిన చోట పెన్సిలు గుర్తు పెట్టండి, ఆ పేరా తీసెయ్యండి. "మూఢనమ్మకం", "అజ్ఞానం", "శాస్త్రీయ దృక్పథం" అనే మాటలు ఎక్కడున్నా కొట్టెయ్యండి. శాస్త్రీయ దృక్పథం పెంపొందించుకోవడం పౌరుడి ప్రాథమిక విధి అని రాజ్యాంగంలో 51ఎ అధికరణంలో ఉంది, 1976లో 42వ సవరణతో చేర్చారు. గొప్ప విషయమే, బడి గోడ మీద రాయించండి. పదకొండేళ్ల లక్ష్మి నోట్లో మాత్రం పెట్టకండి.

నిజమైన గుడి, దర్గా, స్వామి, మనిషి పేర్లు కథలో వాడొద్దు, యాగంటి కాకుల సంగతైనా పేరు మార్చే రాయండి. కేసుల భయం ఒకటి, అసలు కారణం వేరే. పేరు పెట్టగానే వినేవాళ్లు పరీక్ష వదిలేసి పక్షాలు పంచుకుంటారు.

రాయడం రాదు అనేవాళ్లకు

నోటితో చెప్పండి. హరికథలో మధ్యలో పిట్టకథ వస్తుంది కదా, అట్లా. లెక్కల క్లాసు మధ్యలో ఐదు నిమిషాల పిట్టకథగా రోకలి కథ చెప్పి, రోకలి అక్కడే బల్ల మీద పెట్టి క్లాసు కొనసాగించండి. పిల్లలు లెక్కలు చూస్తారా రోకలిని చూస్తారా అనేది మీ కర్మ.

నాటికైతే నిమ్మకాయ రక్తం బాగా పండుతుంది. ఎర్రమందారం రెక్కల్ని కత్తికి బాగా రుద్ది ఆరనిచ్చి, దాంతో నిమ్మకాయ కోస్తే ఎర్రటి రసం కారుతుంది, మందారంలోని రంగు పులుపు తగిలితే ఎర్రబడుతుంది. చాలామంది ఇక్కడ చేసే పొరపాటు, చేసి వెంటనే రహస్యం చెప్పెయ్యడం. చెప్పకండి. "కత్తి మార్చి చూద్దామా, నిమ్మకాయ మార్చి చూద్దామా?" అని కూర్చున్నవాళ్లను అడగండి, వాళ్లు చెప్పినట్టు చెయ్యండి. కత్తి మాత్రం పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్లున్నారు, వాళ్లతో ఒక కథ ఆడించగలిగితే అదృష్టం. అట్ట ముక్కలు, దుప్పటి, బల్బుతో కూడా పని జరుగుతుంది.

ప్రతి కథా ఏదో ఒక నమ్మకాన్ని పడగొట్టాలని కూడా లేదు. వజ్రకరూరు దగ్గర భూమిలోంచి పైకి తన్నుకొచ్చిన కింబర్లైట్ రాయి వయసు సుమారు 110 కోట్ల ఏళ్లు, అది వజ్రాలను 150 కిలోమీటర్లకంటే లోతు నుంచి మోసుకొచ్చింది. వేంపల్లె వైపు రాళ్లలో క్యాబేజీ కోసినట్టు పొరలు పొరలుగా కనపడేవి, కంటికి కనపడని జీవులు సముద్రపు నీళ్లలో కట్టిన గుట్టలు. కడపలో సముద్రం! బెలుం గుహలు కాశీ దాకా పోతాయని చెప్పే తాత ఉంటాడు, కొలిచింది మాత్రం 3229 మీటర్లు. ఆ చివర దీపం పట్టుకుని నిలబడ్డ మనిషికి ఏమనిపించి ఉంటుందో రాయండి. ఒక్క షరతు, వజ్రమో నీటిబొట్టో "నా పేరు ఫలానా, నేను ఇట్లా పుట్టాను" అని మాట్లాడే కథ వద్దు. అది పాఠానికి మీసాలు పెట్టడం.

పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది

"ఈ కథలో నీతి ఏమిటి?" అని అడగొద్దు. పిల్లలు తెలివైనవాళ్లు, మీకు ఏం కావాలో అదే చెప్తారు. కథ అయిపోయిన రెండు వారాలకు, కథలో లేని వేరే సంగతి ఒకటి వాళ్ల ముందు పెట్టండి. "పరీక్ష రోజు ఈ పెన్నుతో రాస్తే పాసవుతారంట" అని. "అదంతా అబద్ధం సార్" అని గట్టిగా అరిచారంటే మీ కథ పనిచెయ్యలేదు, వాళ్లు మీ మాట నమ్మడం నేర్చుకున్నారు. "ఎంతమంది రాసినారు సార్? ఆ పెన్నుతో రాసి ఫెయిలైనోళ్లు లేరా?" అని ఒక్కరు అడిగినా చాలు.

పిల్లోడు ఇంటికెళ్లి అవ్వతో గొడవ పెట్టుకున్నాడని ఫోన్ వస్తే, కథలో అవ్వను తక్కువ చేసి రాశారేమో మళ్లీ చదువుకోండి. ఈసారి పిల్లలకు వేరే పని అప్పజెప్పండి: "రోకలి నిలబెట్టడం మీ అవ్వ దగ్గర నేర్చుకుని రాండి." ఇంట్లో ఆ విద్య ఆమెకే బాగా వచ్చు.

చివరగా, నమ్మకం నిజమని తేలితే ఏం చెయ్యాలని అడుగుతుంటారు. ఏముంది, అది కూడా రాయండి, అవ్వే గెలిచే కథ ఒకటి మీ సంచిలో ఉండి తీరాలి. పెసలు నిల్వ చేసే డబ్బాలో ఎండిన వేపాకు వేస్తే పురుగు తక్కువ పడుతుందని ఆమె చెప్తుంది, అది పనిచేసే పద్ధతే. ఒకే రకం డబ్బాలు రెండు తీసుకుని, ఒకే బస్తాలోని పెసలు సమానంగా పోసి, ఒకదాంట్లో వేపాకు వేసి రెండో దాంట్లో వెయ్యకుండా మూతలు పెట్టి, ఒకే అరలో పక్కపక్కన ఉంచండి. రెండు నెలలయ్యాక ఆకులన్నీ ఏరేసి, పుచ్చిన గింజలు లెక్కపెట్టమని పిల్లలకు ఇవ్వండి. ఏ డబ్బాలో ఏముండిందో లెక్కపెట్టేవాళ్లకు చెప్పొద్దు.